దీపము నుండి కమలము దాకా: తళి సీమలో ఒక చిన్న పక్షము కథ

ఉగాది సంచికకు ఏదైన చరిత్ర వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము పాళెగాళ్ల కథయో, కోట కథయో వ్రాయుదమని అనుకొన్నాము. తళి, డెంకణికోట, హోసూరు ప్రాంతములకు అట్టి కథలు తక్కువ లేవు. కాని అవి లోగడ సంచికలలో వచ్చినవే. ఈ ఏడు వేరొక దారి పట్టి, మన కండ్ల ముందు జరిగిన చరిత్రను ఒకదానిని చెప్పదలచినాము. 2001 సంవత్సరములో తమిళనాడు శాసనసభకు భారతీయ జనతా పార్టీ పక్షమున నలుగురే నలుగురు ఎన్నికైనారు. ఆ నలుగురిలో ఒకరు మన తళి నుండి వెళ్లినారు. ఆ రాష్ట్రములో ఆనాటికి పిడికెడంత ఉన్న ఆ పక్షము, చెన్నపట్టణములో ఒకచోట గెలిచిన గెలువవచ్చును గాని, రాగి చేలు, పట్టుపురుగుల కొట్టములు, ఏనుగులు దిగివచ్చే అడవి అంచు పల్లెలు గల ఈ మారుమూల ఎట్లు గెలిచినది? గెలిచి మరల ఎట్లు పోయినది? ఇదే మా ప్రశ్న.

ముందుగా ఒక మాట. ఇది ఏ పక్షమునకును ప్రచారము కాదు, తిట్టునూ కాదు. మన సంఘములో అన్ని రంగుల వారును ఉన్నారు. సంక్రాంతినాడు ఒకే పంక్తిలో కూర్చుండి భోజనము చేయువారమే.

2001లో మేము బడిపిల్లలము. మా ఊరి గోడలపైన ఉదయసూర్యుడును, కమలమును పక్కపక్కనే సున్నము మీద వేసినారు. సూర్యుడు ఎర్రగాను, కమలము కాషాయముగాను ఉండెను. రెండును ఒకే చేతి వ్రాత, ఒకే పెయింటరు పని. అప్పటికి మాకు తెలిసినంతలో సూర్యుడు వేరు, కమలము వేరు. తమిళ ద్రవిడ ఉద్యమపు సూర్యుడేమిటి, ఉత్తరదేశపు కమలమేమిటి, ఈ రెండును ఒకే గోడమీదికి ఎట్లు వచ్చినవి అని మాకు వింత. మా అవ్వను అడిగితే, “ఎవురు గెలిస్తే మనకేమిరా నాయనా, బాయికి నీళ్లొచ్చేది చూస్తాడా వాడు?” అన్నది. ఆ ఎండాకాలము బావులు ఎండి ఉన్న మాట నిజము. ఆమె ఎవరికి వేసినదో చివరివరకు చెప్పలేదు.

కథ మొదటికి పోవలెను. భారతీయ జనసంఘము 1951 అక్టోబరు 21వ తేదీన ఢిల్లీలో పుట్టినది. నెహ్రూగారి మంత్రివర్గము నుండి 1950లో తప్పుకొన్న శ్యామాప్రసాద్ ముఖర్జీ దానికి మొదటి అధ్యక్షులు. పనిచేయు యువకులు మాత్రము ఎక్కువగా రాష్ట్రీయ స్వయంసేవక సంఘము నుండి వచ్చినవారు. గాంధీ మహాత్ముని హత్య తరువాత 1948లో ఆ సంఘమును ప్రభుత్వము నిషేధించి, 1949లో ఆ నిషేధమును తీసివేసినది. తమ గొంతు వినిపించుటకు సభలలో ఒక పక్షము ఉండవలెనను తలంపు ఆ దెబ్బనుండే వారికి బలపడినదని చెప్పుదురు. దాని ఎన్నిక గుర్తు దీపపు ప్రమిద. మొదటి సార్వత్రిక ఎన్నికలలో లోక్ సభకు ముగ్గురు గెలిచినారు. ఓట్లు నూటికి మూడు. అదే ఎన్నికలలో హిందూ మహాసభకు నాలుగు, రామరాజ్య పరిషత్తుకు మూడు స్థానములు దక్కినవి. అనగా హిందూ జాతీయవాదము పేరున మూడు కొట్లు పెట్టి, మూడింటను కలిపి పది బేరములు చేసినట్లయినది. తక్కిన రెండు కొట్లు కాలక్రమమున మూతబడినవి. మూడవది నిలిచినది.

ఈ పక్షమును గూర్చి వ్రాయువారు కొందరు దానిని తీవ్ర మితవాద పక్షమందురు. దాని వారు తాము జాతీయవాదులమని చెప్పుకొందురు. పేరు ఏదైనను, దక్షిణదేశములో దానికి తగిలిన అడ్డు ఒకటే: భాష. హిందీని దేశభాష చేయవలెనని, భాషల వారీగా రాష్ట్రములను విడగొట్టుట కంటె కేంద్రము బలముగా ఉండుట మేలని అది తొలినాళ్లలో పట్టుబట్టినది. పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణము విడిచి ఆంధ్ర రాష్ట్రమును తెచ్చిన తెలుగువారి వద్ద ఆ మాట చెల్లునా? ఇక 1965లో హిందీ వ్యతిరేకముగా మద్రాసు రాష్ట్రమంతయు మండినప్పుడు దీపపు గుర్తును అక్కడ పట్టుకొని తిరుగుటకు ధైర్యము కావలసి వచ్చినది. మద్రాసు శాసనసభలో జనసంఘము ఏనాడును ఒక్క స్థానమునైనను గెలువలేదు.

ఐనను తెలుగుదేశములో దాని జాడ బొత్తిగా లేకపోలేదు. అవసరాల రామారావుగారు అను తెలుగువారు 1960 దశకపు తొలినాళ్లలో ఆ పక్షమునకు అఖిల భారత అధ్యక్షులైనారు. 1965 జనవరిలో విజయవాడలో జరిగిన మహాసభలోనే దీన్ దయాళ్ ఉపాధ్యాయ ప్రతిపాదించిన ఏకాత్మ మానవవాదమును పార్టీ తన సిద్ధాంతముగా స్వీకరించినది. ఉత్తరదేశపు పార్టీ తన సిద్ధాంతమునకు కృష్ణ ఒడ్డున ముద్ర వేయించుకొన్నదన్నమాట. ఆ ఉపాధ్యాయగారే 1967 డిసెంబరులో కాలికట్ సభలో అధ్యక్షులై, రెండు నెలలు తిరుగకుండనే 1968 ఫిబ్రవరి 11వ తేదీన మొగల్ సరాయి స్టేషను యార్డులో శవమై కనిపించినారు. రైల్వేలో పనిచేయు మాబోటి వారికి ఆ యార్డు పేరు చెప్పగానే నేటికిని ఆ సంగతియే జ్ఞాపకమునకు వచ్చును. ఆ స్టేషనుకు 2018లో ఆయన పేరే పెట్టినారు.

ఇక మన సీమ. మితవాదము మన సీమకు మొదట వచ్చినది దీపము పట్టుకొని కాదు, నక్షత్రము పట్టుకొని. హోసూరు తాలూకా తొరపల్లిలో 1878 డిసెంబరు 10వ తేదీన పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు, గవర్నరు జనరలు పదవిని, మద్రాసు ముఖ్యమంత్రి పదవిని చూచిన పిమ్మట, ఎనుబది యేండ్ల వయస్సులో 1959లో స్వతంత్ర పార్టీని నెలకొల్పినారు. కాంగ్రెసువారు నాగపూరులో ఉమ్మడి సహకార సేద్యమును గూర్చి తీర్మానము చేయుటయే దానికి కారణము. దాని మొదటి అధ్యక్షులు మన ఆచార్య ఎన్.జి. రంగాగారు. ఒకరు హోసూరు పొలిమేర గ్రామమున పుట్టిన అయ్యంగారు, ఇంకొకరు గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ. రైతు భూమి రైతుకే ఉండవలెను, వర్తకునికి పర్మిట్ల బెడద తొలగవలెను అనునవి వారి మాటలు. మతమును గూర్చి, జాతిని గూర్చి జనసంఘము పడిన ఆరాటము వారికి లేదు. ఈ రెంటిని ఒకే గాటకట్టి మితవాదులనుట వాడుకయే గాని, ఒకటి పొలమును, అంగడిని చూచి మాటలాడినది. రెండవది గుడిని, సరిహద్దును చూచి మాటలాడినది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పవలెను. చీటీలు లెక్కపెట్టి బ్రతుకు గుమాస్తాలము గనుక మాకు లెక్క లేనిదే తోచదు. 1962లో స్వతంత్ర పార్టీకి దేశమంతట నూటికి ఎనిమిదికి కొంచెము తక్కువగా ఓట్లు వచ్చినవి. లోక్ సభలో 18 స్థానములు దక్కినవి. 1967లో దానికి ఎనిమిదిన్నర పైచిలుకు ఓట్లకు 44 స్థానములు. అదే ఏడు జనసంఘమునకు తొమ్మిది పైచిలుకు ఓట్లు వచ్చినను స్థానములు 35. 1984లో కమలము గుర్తుతో నిలిచిన భారతీయ జనతా పార్టీకి నూటికి ఏడున్నరకు పైగా ఓట్లు వచ్చినవి. స్థానములు మాత్రము రెండు! ఎనిమిది ఓట్లకు ఒకప్పుడు పదునెనిమిది, ఒకప్పుడు నలుబదినాలుగు, ఒకప్పుడు రెండు. ఓట్లు దేశమంతట పలుచగా చల్లినట్లున్నచో చేను పండదు. నాలుగు మళ్లలో చిక్కగా ఉన్నచో పంట చేతికి వచ్చును. లేదా పక్క చేనివాని నీళ్లు మన మడికి తిరుగవలెను. ఆ నీటి పేరే పొత్తు.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఫ్రాన్సుదేశములో నేషనల్ ఫ్రంట్ అను తీవ్ర మితవాద పక్షము 1986లో, ఓట్ల దామాషాలో సీట్లు పంచు పద్ధతి ఉన్నప్పుడు, 35 స్థానములు గెలిచినది. రెండేండ్లకే పద్ధతి మారి, నియోజకవర్గమునకు ఒకరు చొప్పున ఎన్నుకొన్నప్పుడు ఇంచుమించు అవే ఓట్లకు ఒక్క స్థానము మిగిలినది. పశ్చిమ జర్మనీలో 1969లో ఎన్.పి.డి. అను పక్షమునకు నూటికి నాలుగు పైచిలుకు ఓట్లు వచ్చినను, అయిదుకు తక్కువైన వారికి ప్రవేశము లేదను నిబంధన వలన వాకిటనే నిలిచిపోయినది. చిన్న పక్షముల జాతకము ఓటరు చేతిలో సగము, లెక్కపెట్టు పద్ధతి చేతిలో సగము.

రాజాజీగారి సంగతికి వత్తము. 1967లో ఆయన తన సిద్ధాంతమునకు సగము విరుద్ధమైన డి.ఎం.కె.తో చేయి కలిపినారు. బ్రాహ్మణ వ్యతిరేక ఉద్యమము నుండి పుట్టిన పార్టీకి ఒక అయ్యంగారు పురోహితుడైనట్లయినదని నవ్వినవారు ఉన్నారు. 1938లో బడులలో హిందీని నిర్బంధము చేసిన మనిషియే ముప్పది యేండ్లు తిరుగకముందే హిందీ వ్యతిరేక కూటమికి పెద్ద అయినారు. ఫలితము? కాంగ్రెసు ఓడినది, అణ్ణాదురైగారు ముఖ్యమంత్రి అయినారు, స్వతంత్ర పార్టీకి మద్రాసు శాసనసభలో 20 స్థానములు వచ్చినవి. 1971లో ఆయన ఆ పొత్తు విడిచి, తన చిరకాల ప్రత్యర్థి కామరాజుగారితో కలిసినారు. లోక్ సభలో 44 ఉన్న పార్టీ 8కి జారినది. 1972 డిసెంబరు 25వ తేదీన రాజాజీగారు పోయినారు. 1974లో ఆ పార్టీ భారతీయ లోక్ దళ్‌లో కలిసి పేరు కూడ లేకుండ పోయినది. పెద్దమనిషి ఉన్నంతవరకే ఆ దుకాణము.

జనసంఘము అట్లు కాలేదు. దానికి పెద్దమనుషుల కంటె ప్రతి సాయంకాలము మైదానమున కూడు కుర్రవాండ్రు ముఖ్యము. 1977లో అది జనతా పార్టీలో కలిసినది. 1980 ఏప్రిల్ 6వ తేదీన విడివడి భారతీయ జనతా పార్టీ అయినది. దీపము పోయి కమలము వచ్చినది. 1984లో దేశమంతట గెలిచిన ఆ రెండు స్థానములలో ఒకటి గుజరాతులోని మెహసానా, రెండవది మన తెలుగువారి హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డిగారు గెలిచినారు. ఓడినవారు పి.వి. నరసింహారావుగారు. తరువాత ప్రధానమంత్రి కాబోవు మనిషిని ఏబది వేలకు పైగా ఓట్ల తేడాతో సొంత గడ్డమీద ఓడించుట చిన్న పక్షమునకు చిన్న సంగతి కాదు. (పి.వి.గారు అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుండి కూడ నిలిచి గెలిచినారు కాబట్టి సభకు వెళ్లినారు.) ఐతే ఆ గెలుపులోను రహస్యము ఒకటి ఉన్నది. జంగారెడ్డిగారు 1967లో పరకాల నుండి దీపము గుర్తుపై శాసనసభకు వెళ్లిన పాతకాపు. ఆ నేలమీద ఆయనకు సొంత వేరు కలదు. కాని 1984లో ఎన్.టి. రామారావుగారి తెలుగుదేశపు గాలి ఆయన వెనుక వీచినది. సొంత వేరును పొత్తు నీరును కూడినప్పుడు ఇట్టి పంట.

తళిలో ఏది ఉన్నది? వేరా, నీరా?

తళి అను పేరుతో శాసనసభ నియోజకవర్గము 1977 ఎన్నికలనాటికి ఏర్పడినది. అప్పటికి ఇది ధర్మపురి జిల్లా. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా విడివడినది. హోసూరు, తళి రెండును తమిళనాడులో ఉండియు తమిళ రాజకీయమునకు కొంత ఎడముగా నిలిచిన చోట్లు. తెలుగు, కన్నడము ఇండ్లలో మాటలాడువారు ఇచ్చట దండిగా ఉన్నారు. ఒకే వీధిలో రెడ్డిగారి ఇంట తెలుగు, గౌడగారి ఇంట కన్నడము, అంగడిలో తమిళము. తమిళ తల్లి పేరు చెప్పి ఓటడిగిన ద్రవిడ పక్షములకు ఈ వాకిళ్లలో చాలకాలము చాప పరచినవారు తక్కువ. అందుచేత ఇక్కడి పోటీ ఎక్కువగా జాతీయ పక్షముల నడుమనే సాగినది. కాంగ్రెసు చాలకాలము ఏలినది. 1996లో హోసూరు జనతాదళ్ అభ్యర్థిని గెలిపించినది. కమ్యూనిస్టులకు తళి పల్లెలలో గట్టి పట్టు ఉన్నది. ద్రవిడ పక్షములు సైతము పొత్తు సర్దుబాటులో ఈ చోట్లను “మీకు తీసుకొండి” అని జాతీయ పక్షములకు వదలివేయుట అలవాటు చేసికొన్నవి. మన భాష ఒక విధముగా మనలను కాపాడినది, ఒక విధముగా మనలను వారు వీరికి పంచిపెట్టు వస్తువును చేసినది.

రెండవ కారణము సరిహద్దు. తళి నుండి ఆనేకల్లు ఎంత దూరము? మనవారి వియ్యములు, అప్పులు, సంతలు సగము ఆ వైపునే. ఆ ఆనేకల్లును 1999లో, 2004లో, 2008లో వరుసగా బి.జె.పి. గెలుచుకొన్నది. కన్నడ పత్రికలు, బెంగుళూరు ఉద్యోగములు, అక్కడి గణపతి ఉత్సవములు, ఇవన్నియు కమలమును మన సీమకు చెన్నపట్టణము మీదుగా కాక బెంగుళూరు మీదుగా తెచ్చినవి. తిరునెల్వేలిలోనో, తంజావూరులోనో “వడనాటి పార్టీ” అని దూరము పెట్టినంతగా ఇక్కడ దూరము పెట్టలేదు. పక్క ఊరి బావమరిది వేయు ఓటు మనకు వింత కాదు గదా.

మూడవది, అన్నింటికంటె పెద్దది, నీరు. తమిళనాడులో 1998 వరకు బి.జె.పి.తో బహిరంగముగా చేయి కలుపుటకు ద్రవిడ పక్షములు వెనుకాడినవి. 1996లో పద్మనాభపురములో సి. వేలాయుధముగారు ఏ పెద్ద పక్షపు పొత్తును లేకుండ గెలిచి తమిళనాడు శాసనసభలో ఆ పార్టీకి మొదటి సభ్యులైనారు. అది కన్యాకుమారి జిల్లా సంగతి; అక్కడి మతముల పోరు చరిత్ర వేరు, వేరు కూడ అక్కడ సొంతదే. 1998లో జయలలితగారు తలుపు తెరచినారు. ఆ ఏడు లోక్ సభకు తమిళనాడునుండి ముగ్గురు బి.జె.పి. వారు వెళ్లినారు. పదమూడు నెలలకే ఆమె తలుపు మూసినారు. 1999 ఏప్రిల్ 17వ తేదీన వాజపేయిగారి ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. వెంటనే కరుణానిధిగారు తమ తలుపు తెరచినారు! నిన్నటివరకు ఆర్యులు, ద్రావిడులు అని చెప్పిన నోళ్లు మూతపడినవి. 1999లో నలుగురు వెళ్లినారు. గోడమీది సూర్యుని పక్కన కమలము వెలసిన కథ ఇది. చిన్ననాటి మా వింతకు జవాబు తెలియుటకు మాకు చాల ఏండ్లు పట్టినది.

2001 మే నెలలో శాసనసభ ఎన్నికలు. డి.ఎం.కె. తన పొత్తులో బి.జె.పి.కి 21 స్థానములు ఇచ్చినది. ఎదుట జయలలితగారి కూటమిలో కాంగ్రెసు, తమిళ మానిల కాంగ్రెసు, ఇద్దరు కమ్యూనిస్టులు, పాట్టాళి మక్కళ్ కట్చి, ఇట్లు అందరును చేరినారు. గాలి అంతయు అటే. 234లో ఆ కూటమికి 190కి పైగా వచ్చినవి. అయిదేండ్లు ఏలిన డి.ఎం.కె.కు 31 మిగిలినవి. అంతటి ఎదురుగాలిలో బి.జె.పి. నాలుగు గెలిచినది: కారైకుడి, మైలాపూరు, మయిలాడుదురై, తళి. తళిలో గెలిచినవారు కె.వి. మురళీధరన్‌గారు. పెద్దన్న పడిపోయినచోట తమ్ముడు నిలిచినట్లు, డి.ఎం.కె. మహారథులు ఓడిన ఏట తళిలో కమలము వికసించినది.

ఇది నీటి పంట మాత్రమే అనుటకు మాకు మనసొప్పదు. అదే నీరు తక్కిన 17 మళ్లకును పారినది గదా, అవి ఏల పండలేదు? కొంత వేరు కూడ ఉండవలెను. అభ్యర్థి స్థానికుడు, మూడు భాషల పల్లెలకును పరిచితుడు. సరిహద్దు ఆవలి గాలి. కాంగ్రెసులో విసిగిన పాత కాపులు. ఎఱ్ఱజెండాకు భయపడిన భూస్వాములు. ఇవన్నియు కలిసినవని మా ఊహ. ఊరిలో పెద్దలు కులము లెక్క కూడ చెప్పుదురు. అది ప్రతి పక్షమును వేయు లెక్కయే గనుక దానిని ఒక్క కమలమునకే అంటగట్టుట న్యాయము కాదు. సిద్ధాంతము చూచి వేసిన ఓట్లు ఎన్నియో లేకపోలేదు. కాని ఏకాత్మ మానవవాదమును చదివి వేసినవారిని మేము మా ఊరిలో ఎరుగము. వంక మీద వంతెన, బడికి అయ్యవారు, ఏనుగు తొక్కిన రాగికి పరిహారము, ఇవి అడిగినవారినే ఎరుగుదుము.

2003 డిసెంబరులో డి.ఎం.కె. కేంద్రములోని కూటమిని విడిచినది. 2004లో తమిళనాడునుండి లోక్ సభకు బి.జె.పి. తరఫున ఒక్కరును వెళ్లలేదు. 2006 శాసనసభ ఎన్నికలలో ఏ ద్రవిడ పక్షమును తోడు రాలేదు. ఒంటరిగా నిలిచి ఒక్క స్థానమైనను దక్కించుకొనలేదు. 2001లో గెలిచిన నాలుగును పోయినవి. తళిలో ఆ ఏడు టి. రామచంద్రన్‌గారు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినారు. ఆ శాసనసభకు రాష్ట్రమంతటనుండి గెలిచిన స్వతంత్రుడు ఆయన ఒక్కరే! 2001లో నలుగురిలో ఒకరిని పంపిన తళి, 2006లో ఒకే ఒక్కనిని పంపినది. మన సీమకు ఏకాకులమీద మక్కువ ఎక్కువ కాబోలు. 2011లో అదే రామచంద్రన్‌గారు సి.పి.ఐ. గుర్తుపై గెలిచినారు. కుడి కొసనుండి ఎడమ కొసకు పదేండ్లలో నడిచినది తళి; నడుమ ఒక మజిలీ స్వతంత్రము.

దీనిని చూచి తళివారు తీవ్రవాదులైనారని, మరల తీవ్రవాదము మార్చుకొన్నారని పట్టణముల పత్రికలవారు అనుకొన్నచో పొరపాటు. ఆ పల్లెలలో ఓటరు మారినది తక్కువ. గుర్తుల జతలు మారినవి.

2006కు మన చరిత్రలో మరియొక గుర్తు కలదు. ఆ ఏడే తమిళ అధ్యయన చట్టము వచ్చినది. ఒకటవ తరగతి నుండి ప్రతి బడిలోను తమిళమును మొదటి భాషగా నేర్వవలెనని నియమము. ఏటికొక్క తరగతి చొప్పున పైకి జరిగి అది పదవ తరగతి పరీక్ష దాకా వచ్చినది. తమిళము నేర్వవద్దని మనలో ఎవరును అనలేదు. ఉన్న ఊరి భాష రానివాడు సంతలో కూడ మోసపోవును. కాని మొదటి భాషగా ఉండిన తెలుగు పక్కకు జరిగినది. హోసూరు, తళి, డెంకణికోట తెలుగు బడులలో పిల్లలు పలుచబడిరి. పదవీ విరమణ చేసిన తెలుగు అయ్యవారి కుర్చీ ఖాళీగా ఉండుటను మేమే చూచితిమి. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకు ఎక్కి, ఏడాదికొకసారి మినహాయింపు తెచ్చుకొను స్థితి వచ్చినది. 2023లో అట్టి మినహాయింపు ఒకటి సుప్రీంకోర్టు నుండి వచ్చినది.

ఇప్పుడు మేము అడుగునది ఇది. 2001 నుండి 2006 వరకు మన తళికి ప్రతినిధి కేంద్రములో ఏలుచున్న పక్షపు మనిషి. ఆ అయిదేండ్లలో మూడేండ్లు ఢిల్లీలో వాజపేయిగారి ప్రభుత్వమే. 2002 నుండి 2004 వరకు ఆ పక్షపు అఖిల భారత అధ్యక్షులు ఎం. వెంకయ్యనాయుడుగారు, నెల్లూరు తెలుగువారు. తెలుగు బడిని గూర్చి అడుగుటకు అంతకంటె మంచి ముహూర్తము మనకు ఎప్పుడు వచ్చినది? అడిగితిమా? బావి అడిగితిమి, బాట అడిగితిమి, మనవానికి ఉద్యోగము అడిగితిమి. బడి అడిగినవారు వేళ్లమీద లెక్కింపదగినవారు. పక్షమును అనుటకు ముందు మనలను మనము అనుకొనవలసిన మాట ఇది. పక్షమునకును ఇందులో చిక్కు లేకపోలేదు. హిందీ పక్షపాతియను పేరును కడుగుకొనుటకు తమిళమును పొగడవలసిన పార్టీ, తమిళనాడులో తెలుగు బడికొరకు గట్టిగా నోరు తెరచుట కష్టము. భాషలలో చిన్నవారమైన మనకు, సభలో చిన్నదైన ఆ పక్షము అక్కరకు వచ్చునని కొందరు ఆశించినారు. చిన్నవానికి చిన్నవాడు తోడు అనుట వినుటకు బాగుండును గాని, చిన్న పక్షము ఎప్పుడును పెద్దవాని ముఖము చూచియే మాటలాడవలెను.

2016లో తళి నుండి డి.ఎం.కె. తరఫున వై. ప్రకాష్‌గారు గెలిచినారు. ద్రవిడ పక్షములకు చాప పరచని వాకిళ్లలో సూర్యుడు ఆ ఏడు లోపలికే వచ్చినాడు. ఇది కూడ ఒక మార్పే. హోసూరు ఫ్యాక్టరీలకు నలుమూలలనుండి వచ్చి చేరిన జనము, తమిళములోనే చదివిన కొత్త తరము, వీరు ఆ మార్పునకు కారణములలో కొన్ని. ఆ ఏడు బి.జె.పి.కి రాష్ట్రములో ఒక్క శాసనసభా స్థానమును రాలేదు, ఢిల్లీలో సొంత మెజారిటీతో ఏలుచుండియు.

2021లో నీరు మరల పారినది, ఈసారి అన్నా డి.ఎం.కె. కాలువనుండి. బి.జె.పి.కి ఇరువదేండ్ల తరువాత తమిళనాడు శాసనసభలో మరల నాలుగు వచ్చినవి: తిరునెల్వేలి, నాగర్‌కోయిల్, కోయంబత్తూరు దక్షిణము, మొడకుఱిచ్చి. సంఖ్య అదే నాలుగు, ఊళ్లు నాలుగును వేరు. తళిలో కమలము గుర్తుపై నిలిచినవారు డాక్టరు సి. నాగేశ్ కుమార్‌గారు. డి.ఎం.కె. పొత్తుతో కంకి కొడవలి గుర్తుపై నిలిచిన రామచంద్రన్‌గారు ఏబది వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచినారు. గోడమీద ఈసారి సూర్యుని పక్కన కంకి కొడవలి. ఇరువదేండ్ల క్రిందట అదే గోడమీద సూర్యుని పక్కన ఉండినది కమలము. ఓడిన పక్షమునకు వచ్చిన ఓట్లు అరువది వేలకు పైబడినవని మరువరాదు. అందులో సొంతవి ఎన్ని, రెండాకులవి ఎన్ని అని విడదీయు త్రాసు మావద్ద లేదు. 2024 లోక్ సభ ఎన్నికలలో అన్నా డి.ఎం.కె. తోడు లేదు, కృష్ణగిరిలో కమలము మూడవ స్థానమునకు పోయినది. ఆ ఏడు తమిళనాడునుండి బి.జె.పి.కి ఒక్క స్థానమును రాలేదు.

ఆ ఎన్నికలో కృష్ణగిరి నుండి గెలిచినవారు కాంగ్రెసు పక్షపు కె. గోపీనాథ్‌గారు, లోగడ హోసూరు శాసనసభ్యులు. 2024 జూన్ నెలలో లోక్ సభలో తమిళనాడు సభ్యులు వరుసగా తమిళములో ప్రమాణము చేయుచుండగా, ఆయన లేచి తెలుగులో ప్రమాణము చేసి, చివర “జై తమిళనాడు” అన్నారు. ఆనాడు మేము డ్యూటీలో ఉంటిమి. సాయంకాలము మా అవ్వకు ఫోనులో ఆ దృశ్యము చూపితిమి. ఆమె కండ్లద్దాలు సరిచేసికొని రెండుసార్లు చూచి, “మన మాటే మాట్లాడుతుండాడే!” అన్నది. తరువాత, “బాయి సంగతి ఏమన్నా చెప్పినాడా?” అని అడిగినది.